మథియాస్ జ్డార్స్కీ: మంచుకొండల యుపాధ్యాయుడు

ఐరోపా ఖండము నడుమ ఆల్ప్సు అను పర్వతశ్రేణి కలదు. ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ, ఆస్ట్రియా మొదలగు దేశములలో వ్యాపించిన యీ పర్వతములు ఎత్తున మన హిమాలయములకు సాటి రాకున్నను, శీతకాలమున వానియందు గురియు మంచు మాత్రము తక్కువది కాదు. గోదావరీ కృష్ణా తీరములయందు బుట్టి పెరిగిన మనలో ననేకులకు మంచనగా ధనుర్మాసపు వేకువజామున పొలములపై గ్రమ్ముకొను తెల్లని తెర మాత్రమే గాని, నేలపై నిలువెత్తు పేరుకొని యిండ్లను గప్పివేయు హిమము కాదు. కావున ఆ మంచులో నడచుట యొక విద్యయనియు, ఆ విద్యకై యొక యుపాధ్యాయుడు తన యాయువులో సగమును ధారపోసెననియు విన్నచో మన బాలురకు వింతగా దోచవచ్చును. ఆ యుపాధ్యాయుని పేరు మథియాస్ జ్డార్స్కీ.  ఈతని చరిత్రమును మా చదువరులకు దెలుపుట యుక్తమని తలంచితిమి.

జ్డార్స్కీ 1856వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదిని మొరావియా మండలమున, త్రెబీచ్ పట్టణమునకు చేరువనున్న కోజిఖోవిత్సె గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. నేడది చెక్ దేశమున జేరియున్నది. తండ్రి పిండిమర నడుపుకొని జీవించువాడు. బాల్యమున జరిగిన యొక ప్రమాదమున బాలునకు ఎడమకంటి చూపు పోయెను. ఒంటికన్ను గలవానికి దూరమును, లోతును అంచనా వేయుట కష్టము. మబ్బు పట్టిన దినమున మంచుపై నీడలు కానరావు గనుక, వాలు ఎచ్చట వంగుచున్నదో గుంట యెచ్చట నున్నదో రెండుకన్నులు గలవారికే తెలియదు; ఒంటికన్నువానికి ఆ కష్టము ఇబ్బడి యగును. అట్టివాడే తుదకు మంచువాలులపై నడక నేర్పు గురువయ్యెను.

అతడు బ్రూన్ పట్టణమున ఉపాధ్యాయశిక్షణము పొందెను. చిత్రలేఖనమునం దభిరుచి గలవాడై జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు బోయి ఆ కళను గూడ నభ్యసించెను. వ్యాయామమన్న ప్రాణము. చేతిపనులలో నేర్పరి, ఏ వస్తువు చేతికి వచ్చినను దానిని విప్పి చూచి, మఱల కూర్చి, మునుపటికంటె మేలుగా జేయవలెనను పట్టుదల గలవాడు. నలుగురిలో మెలగుటకంటె నొంటరిగా నుండుట కతనికి ప్రీతి. 1889లో, తనకు ముప్పదిమూడేండ్ల వయసున, పల్లెపట్టులు గూడ దవ్వుగ నున్న హాబెర్న్‌రైట్ అను కొండపొలమును సంపాదించుకొని యచ్చట స్థిరపడెను. అది ఆస్ట్రియాలో లిలియెన్‌ఫెల్డ్ అను చిన్న పట్టణమునకు సమీపము. పురాతనమైన సిస్టెర్షియన్ సన్న్యాసుల మఠముచే ఆ యూరు ప్రసిద్ధము.

కొండపొలమున నివసించువానికి శీతకాలము చెఱసాలవంటిది. మంచు నడుములోతు పడినప్పుడు కాలు తీసి కాలు వేయుటయే గగనము. ఇట్లుండగా నాన్సెన్ అను నార్వే దేశీయుని యాత్రావృత్తాంతము జ్డార్స్కీ చేతబడెను. ఆ నాన్సెన్ 1888లో కొందఱు తోడివారితో గ్రీన్లాండు ద్వీపమును అడ్డముగ దాటిన ధీరుడు. యుద్ధబాధితులకును నిరాశ్రయులకును జేసిన సేవకుగాను 1922లో నోబెల్ శాంతి బహుమానము నందినవాడు గూడ నాతడే. గ్రీన్లాండు యాత్రలో నాతడు వాడినవి స్కీ చెక్కలు. స్కీ యనగా పాదమునకు గట్టుకొను సన్నని పొడవైన చెక్కబద్ద. ముందుకొన పైకి వంగియుండును. మనుష్యుని బరువు ఆ బద్ద పొడవునను పఱచుకొనుటచే కాలు మంచులో దిగబడదు. జ్డార్స్కీ నార్వేనుండి యొక జత దెప్పించుకొనెను.

అయితే నార్వే కొండలు వేఱు, ఆల్ప్సు వేఱు. అచ్చటి చెక్కలు మనిషికంటె చాల పొడవుగ నుండి, మెల్లని వాలులపై తిన్నగా జారుటకు దగినవి. కాలి మడమ కట్టున నిలువక అటునిటు జరుగును. నిట్రమైన ఆల్ప్సు వాలుపై వానిని గట్టుకొని దిగబోయినవాడు తిరుగలేడు, ఆగలేడు. పడుటయే వానికి ఆగుట. జ్డార్స్కీ పెక్కు శీతకాలములు ఒంటరిగా, చూపించువాడు లేక, అడుగువాడు లేక, తన కొండచఱియలపై ప్రయోగములు చేసెను. చెక్కలను పొట్టిగా గోసెను. అడుగున నుండు గాడిని తీసివేసెను. తోలుపట్టీలకు బదులు ఉక్కుపలకతో మడమను ప్రక్కకు కదలనీయని కట్టును గల్పించెను. దానిని జేసి, పాడుచేసి, మరల జేసి, ఎన్ని విధములుగనో మార్చి కడకు దృప్తి పొందెను. చేత నొక్క కఱ్ఱ మాత్రమే పట్టుకొనెను. చెక్కల వెనుకకొనలను విడదీసి అంచులను మంచులో నొత్తి, వలసినచోట వేగము దగ్గించుటయు, మలుపు తిరుగుటయు, నిలువుటయు సాధించెను. నిలువ నేర్చినవాడే దిగ నేర్చినవాడు అన్నది ఆతని విద్యకు సారమని మాకు దోచుచున్నది.

1896లో ఈ పద్ధతిని వివరించుచు ఒక గ్రంథమును బ్రకటించెను. ఆల్ప్సు పర్వతములకు దగిన స్కీ విద్యనుగూర్చి క్రమముగ బోధించిన మొదటి పుస్తక మదియే యని చెప్పుదురు. పుస్తకము వెలువడినదే తడవుగ కలహము మొదలయ్యెను. నార్వే పద్ధతియే పరమమని నమ్మినవారు ఈతనిని పరిహసించిరి. ఈతడును మెత్తనివాడు కాడు. ప్రత్యర్థుల మాటకు మాట జవాబిచ్చి, ఒక్కొక్కప్పుడు హద్దుమీఱి కటువుగ వ్రాసెను. మహనీయుల చరిత్రములలో వారి లోపములను దాచుట మాకు సమ్మతము గాదు గనుక ఈ మాట చెప్పుచున్నాము. ఒంటరిగా నేర్చినవానికి తాను గనుగొన్నదే సత్యమను మంకుతనము తఱచుగ గలుగును. ఐనను 1905 జనవరిలో నార్వే దేశీయుడైన హాసా హోర్న్ లిలియెన్‌ఫెల్డునకు వచ్చి, ఈతని విద్యను స్వయముగ జూచి, నిట్రవాలులపై దాని యోగ్యతను న్యాయముగ నొప్పుకొనెను.

ఆ యేటనే మార్చి 19వ తేదిని లిలియెన్‌ఫెల్డు చెంత మూకెన్‌కోగెల్ అను కొండపై జ్డార్స్కీ యొక పందెమును నడిపెను. కొండవాలున 85 చోట్ల కొయ్యలు నాటి, వాని నడుమనుండి మలుపులు తిరుగుచు దిగవలెనని నియమము. పాల్గొన్నవారు 24 మంది. అందొక స్త్రీ యుండెను. నేడు ఒలింపిక్ క్రీడలలో స్లాలమ్ అనుపేర జరుగు పందెములకు ఇదియే మొదటిదని చరిత్రకారులు పరిగణించుచున్నారు. ఇప్పటి పందెములు క్షణములో నూఱవపాలు నెంచి గెలుపు నిర్ణయించును. ఆనాటిది మాత్రము వేగమునకంటె కాలు తన వశమందున్నదా లేదా యని చూచు పరీక్ష.

బోధకుడుగా జ్డార్స్కీ యొద్దకు వేలకొలది జనులు వచ్చిరి. వియన్నా నగరమునుండి రైలెక్కి గుమాస్తాలు, విద్యార్థులు, స్త్రీలు, సైనికులు వచ్చువారు. వారినుండి జీతము గైకొనలేదు. వరుస దప్పరాదు, చెప్పినచోట నిలువవలెను, ముందువానిని దాటి పోరాదు. ఈ విషయములలో మాత్రము మహాకఠినుడు. పడి లేచి నవ్వుకొను యువకులకు ఈ నిర్బంధము నచ్చియుండకపోవచ్చును. కాని కొండమీద నొక్కడు చేసిన దుడుకుపని ఆ యొక్కనితోనే పోవునది కాదు. కొండయందు తుపానునకు జిక్కినవారు మంచులో గూర్చుండి తలపై గప్పుకొనుటకు తేలికయైన గుడ్డసంచి యొకటి గూడ నీతడు కల్పించెను. ఇద్దఱు ముగ్గురు దానిలో దూఱి యొండొరుల వెచ్చదనముచే రాత్రి గడపవచ్చును. ఆ దేశపు కొండయాత్రికులు నేటికిని అట్టి సంచిని మూటలో నుంచుకొనుచున్నారు. దాని కీతని పేరే నిలిచియున్నది.

ఇచ్చట కథను గొంచె మాపి, మంచుచరియ యన నేమో చెప్పవలసియున్నది. అది తెలియనిదే ఈతని జీవితములోని ముఖ్యఘట్టము బోధపడదు.

కొండవాలున బడిన మంచు ఒక్కటే ముద్దగ నుండదు. ఒక్కొక్క పర్యాయము గురిసిన మంచు ఒక్కొక్క పొరగా నిలుచును. చలి, ఎండ, గాలి ఆ పొరలను వేర్వేఱు విధములుగ మార్చును. ఈ మార్పులలో మిక్కిలి మోసకరమైనది శీతకాలారంభమున జరుగును. అక్టోబరు, నవంబరు నెలలలో మొదటి మంచు పలుచగా బడును. నేలలో వేసవి వెచ్చదన మింకను మిగిలియుండును. పైన నిర్మలాకాశపు రాత్రులయందు చలి ముదురును. అడుగున వెచ్చన, పైన మిక్కిలి చల్లన. మంచుపొర పలుచనిదైనకొలది ఈ భేదము తీవ్రమగును. అందుచే అడుగుమంచునుండి ఆవిరి పైకెగయుచు, కణములను క్రొత్తరూపమున బెంచును. కొన్ని వారములకు ఆ పొర యంతయు పంచదారవలె, ముతక యిసుకవలె, ఒకదాని నొకటి యంటని పలుకులుగ మాఱిపోవును. పిడికిట బట్టినచో ముద్ద కట్టదు, వ్రేళ్ళసందున జారిపోవును. ఎండ తగులని ఉత్తరపువాలులందు ఇది యధికము.

దీనిపై డిసెంబరు మాసమున పెద్ద మంచు గురియును. గాలి యొకవైపు మంచు నెత్తి కొండకావలివైపున దట్టముగ బేర్చును. ఆ క్రొత్తపొర బిగిసి పలకవలె నగును. గుండ్రని శనగలపై బల్ల పఱచినట్లు, పలుకుల పొరపై ఈ పలక నిలిచియుండును. చూచుటకు కొండ ప్రశాంతము, నునుపు, తెలుపు. ఒక్క మనిషి దానిపై కాలిడిన చాలును. అడుగుపొర కూలును, ఒక్కొక్కప్పుడు మద్దెలపై దెబ్బ వైచినట్లు మందమైన చప్పుడు వినవచ్చును, పగులు మెఱపువలె వాలున కడ్డముగ బాఱును, పలక యంతయు ముక్కలై జాఱును. ఏబది మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అరమీటరు మందము గల చిన్నపలకయైనను సుమారు 250 టన్నుల బరువుండును. అది గంటకు నూఱు కిలోమీటర్ల వేగము నందుకొనుటకు క్షణములు చాలును. ఆగినపిమ్మట మెత్తని మంచు సున్నపుగచ్చువలె బిగిసిపోవును. లోపల జిక్కినవాడు వ్రేలు గూడ కదల్పలేడు.

మఱియొక విశేషము. నిలువుగోడవంటి కొండపై మంచు నిలువక యెప్పటికప్పుడు రాలిపోవును. చదునైన వాలున జాఱదు. మేడమెట్ల వాలువంటి వాలు, అనగా 30 మొదలు 45 డిగ్రీల నడుమనున్నదే ప్రమాదస్థానము; స్కీ చెక్కలపై దిగుటకు ముచ్చటగొల్పు వాలు గూడ నదియే. పలకచరియలలో జిక్కినవారిలో బహుసంఖ్యాకులు తామైనను తమ తోడివారైనను కదల్చిన పలకక్రిందనే పడుచున్నారని నేటి పరిశోధకులు తేల్చియున్నారు. మంచు మోసము చేసెనందురు గాని, దానిని దట్టి లేపినది మనిషి పాదమే.

ఈ విషయములన్నియు జ్డార్స్కీ కాలమున శాస్త్రముగ నేర్పడలేదు. స్విట్జర్లాండున యోహాన్ కోఅజ్ అను అటవీశాఖాధికారి 1881లో మంచుచరియలనుగూర్చి యొక గ్రంథము వ్రాసియుండెను. కొండపల్లెలవారికి తాతలనాటినుండి తెలిసిన జాగ్రత్త లుండెను: పెద్దమంచు కురిసిన పిమ్మట ఒకటి రెండు దినములు కదలకుండుట, వాలునడుమ పోక గట్టుశిఖరమునంటి పోవుట, తప్పనిసరియైనచో ఒకరి వెనుక నొకరు ఎడముగ దాటుట. ఇట్టివానిని ఏండ్లతరబడి కొండపై నిలిచి పరిశీలించి, మంచు రకములను, గాలి పోకను, వాలు తీరును మనసున నుంచుకొన్నవారిలో జ్డార్స్కీ యగ్రగణ్యుడు.

1914లో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమయ్యెను. మరుసటి యేట ఇటలీ ఆస్ట్రియాపై యుద్ధము ప్రకటించుటతో ఆల్ప్సు శిఖరములే రణభూమి యయ్యెను. మునుపెన్నడును మనుష్యుడు శీతకాలము గడపని యెత్తులలో వేలకొలది సైనికులు కొయ్యపాకలు వేసికొని నిలిచిరి. శత్రువుల గుండ్లకంటె చలియు మంచుచరియలును ఎక్కువమందిని హతమార్చిన పట్టులు గలవు. ఆస్ట్రియా సైన్యమువారు జ్డార్స్కీని పర్వతవిషయముల యందును మంచుచరియల యందును సలహాదారుగ నియమించిరి. అప్పటి కాతనికి దాదాపు అఱువదేండ్లు. ఆ వయసున ఇంటిపట్టున నుండుమని యెవరైనను చెప్పియుందురు. ఆతడు పోయెను.

1916 ఫిబ్రవరి 28వ తేదిని, ఇటలీ సరిహద్దుననున్న కార్నిక్ ఆల్ప్సు కొండలయందు మంచుచరియ విఱిగి సైనికులు కొందఱు దానిక్రింద బడిరి. వారిని వెలికిదీయుటకు జ్డార్స్కీ పోయెను. ఆ పనిలో నుండగనే రెండవచరియ విఱిగి యాతనిపై బడెను. మంచు ఆతనిని మ్రింగి, త్రిప్పి, నలిపెను. ఎముకలు విఱిగినవి, కీళ్ళు దప్పినవి కలిపి లెక్కించగా సుమారు ఎనుబది యని తేలెను. ప్రాణము మాత్రము పోలేదు.

మంచును అంతగ నెఱిగినవాడు రెండవచరియ రాగల చోటికి ఏల పోయెనని చదువరు లడుగవచ్చును. మన యూళ్ళలో ఇసుకనేలను బావి త్రవ్వునప్పుడు ఒడ్డు విఱిగి లోనివానిపై బడుట కలదు. తోడివాడు వెనుకముందు చూడక త్రాడు పట్టుకొని దిగును. రెండవయొడ్డు విఱిగి వానిని గూడ గప్పును. దిగినవానికి ఒడ్డు సంగతి తెలియక కాదు, లోపల మనుష్యుడున్నాడు. మంచుక్రింద బడినవానికి కాలము మిక్కిలి తక్కువ. పదినిమిషములలోపల వెలికిదీసినచో పదుగురిలో తొమ్మండ్రు బ్రతుకుదురు. అరగంట యైనచో బ్రతుకువారు మూడవవంతు గూడ నుండుట కష్టమని నేటి లెక్కలు చెప్పుచున్నవి. లెక్క తెలియకున్నను కొండవారి కీ సత్యము తెలియును. ఆగి యాలోచించుటకు నేర్పినవాడు ఆనాడు ఆగలేదు. అది తప్పని మేము చెప్పజాలము. ఒప్పని యెల్లరకు నాదర్శముగ జూపుటకును సాహసింపము. ఇప్పుడు కొండలయందు రక్షణకార్యమునకు బోవువారు పైవాలును జూచుటకు ఒకనిని కావలి యుంచి, తప్పించుకొను దారిని ముందుగ నేర్పఱచుకొని మఱి త్రవ్వుచుందురు. ఈ నియమము ఎందఱి ప్రాణముల వెలతో నేర్పడెనో ఊహింపవచ్చును.

జ్డార్స్కీ శయ్యాగతుడై యున్న ఆ సంవత్సరముననే శీతకాలారంభమున మఱియొక ఘోరము జరిగెను. నవంబరు డిసెంబరులలో విస్తారముగ మంచు గురిసెను. డొలొమైటు పర్వతములలో మార్మొలాడా కొండక్రింద గ్రాన్ పోజ్ అనుచోట ఆస్ట్రియా సైనికుల విడిది యుండెను. గుండ్లదెబ్బ తగులని చోటు. కాని పైన మంచువాలు. విడిది నాయకుడు ప్రమాదమును గుర్తించి, తమను వేఱుచోటికి మార్పుడని పైయధికారులకు వ్రాసికొనెను. వారు సమ్మతింపలేదు. డిసెంబరు 13వ తేది వేకువను చరియ విఱిగి విడిదిపై బడగా సుమారు 270 మంది మడిసిరి. మంచును జూచి చెప్పినవాడు క్రింద నుండెను. ఆజ్ఞ యిచ్చువారు దూరముగ నుండిరి. జ్డార్స్కీవంటివాని యవసరము సైన్యమున కెంత యుండెనో దీనిచే దెలియును.

ఆతని రోగశయ్య యొక రెండవ పాఠశాల యని చెప్పవచ్చును. వెన్నెముక సయితము దెబ్బతిన్నది. నడచుట కష్టమని తోచిన స్థితి. కాని పూర్వము స్కీ కట్టును విప్పి కూర్చిన పట్టుదలతోనే తన శరీరమును గూర్చుకొనుటకు బూనెను. చేతులకు, కాళ్ళకు, నడుమునకు వలసిన సాధనములను, ఆనికలను తానే యూహించి చేయించుకొని, వ్యాయామమును స్వయముగ నిర్ణయించుకొని, నెలలు గడచి యేండ్లు గడచుకొలది కదలిక దెచ్చుకొనెను. తుదకు మఱల స్కీ చెక్కలు గట్టి మంచుపై నిలిచెను. నొప్పి మాత్ర మాతనిని విడువలేదు.

1929లో, డెబ్బదిమూడేండ్ల ప్రాయమున, మంచుచరియలనుగూర్చి తానెఱిగిన సంగతులను ఒక గ్రంథముగ బ్రకటించెను. అందు తన ప్రమాదమును గూడ వర్ణించెను. చరియ మీదికి వచ్చునప్పటి చప్పుడు, ఊపిరి బిగియుట, మంచుయొక్క నొక్కుడు క్రమముగ హెచ్చుట మొదలగువానిని తన్నుగూర్చి గాక యొక ప్రయోగమునుగూర్చి వ్రాసినట్లు వ్రాసెను. చరియ లోపలినుండి దానిని పరిశీలించి వచ్చి చెప్పిన పరిశీలకులు లోకమున దక్కువ. తెల్లగ, సాధువుగ గన్పట్టు మంచు క్రూరమృగమని యాతడు ఘోషించెను. గాయపడినవాడు తన్ను గాయపఱచినదానిపై కోపింపవచ్చును, జాలిపడుమని యడుగవచ్చును. ఆతడు రెండును మాని పుస్తకము వ్రాసెను. మా దృష్టిలో 1896 నాటి పుస్తకముకంటె నిదియే గొప్పది.

ఆ శాస్త్రము పిమ్మట శీఘ్రముగ బెరిగెను. జర్మనీలో విల్హెల్మ్ పౌల్కె మంచుపొరలను కోసి చూచి పలుకులపొర స్వభావమును వివరించెను. స్విట్జర్లాండున దావోస్ పట్టణమునకు మీదనున్న కొండపై 1942లో మంచు పరిశోధనాలయము స్థిరపడెను. నేడు ఆల్ప్సు దేశములలో శీతకాలమున ప్రతిదినమును మంచుచరియల ప్రమాదస్థాయిని ఒకటి మొదలు అయిదు వఱకు అంకెలతో బ్రకటించుచున్నారు. యాత్రికులు జాడ తెలుపు చిన్న రేడియో యంత్రమును ఱొమ్మున గట్టుకొని, మంచులో గ్రుచ్చి వెదకుటకు మడత కఱ్ఱను, త్రవ్వుటకు పాఱను మూపున వేసికొని పోవుదురు. ఈ మూడింటిలో నొకటి లేకున్నను తక్కిన రెండును వ్యర్థము. ఐనను యంత్రము చరియను ఆపదు. ఋతువారంభమున క్రొత్త మంచు చూచి యుబలాటపడి బయలుదేఱువారు, నేలపై మంచు పలుచనిది గదా యని నిర్లక్ష్యము సేయుదురు. పలుచనిది గనుకనే అడుగుపొర బలహీనమని మఱతురు. అట్టి మంచుక్రింద ఱాళ్ళును మొద్దులును దాగియుండి, చిన్నచరియ యైనను మనిషిని వానిపై వేసి చంపగలదు.

ఇది పరదేశపు సంగతి మాత్రమే యని తలంపరాదు. మన దేశమున ఉత్తరాఖండ రాష్ట్రమందలి ద్రౌపదీ కా డాండా అను శిఖరముపై 2022 అక్టోబరు 4వ తేదిని, వర్షఋతువు వెళ్ళి చలికాల మింకను రాని సమయమున, పర్వతారోహణము నేర్చుకొనుచున్న యువతీయువకులపైనను వారి బోధకులపైనను మంచుచరియ విఱిగిపడెను. 27 మంది మృతదేహములు లభించినవి. ఇరువురి జాడ దొరకలేదు. వారందఱు ఇప్పటి మా పై తరగతుల విద్యార్థులకంటె కొంచెము పెద్దవారో, వారి యుపాధ్యాయుల యీడువారో యై యుందురు. మన పాఠశాలలనుండి చదువు ముగించిన బాలురు సైన్యమున జేరి లడకునకు, సియాచిన్ హిమానికి పోవుచున్న యీ దినములలో మంచు మన తల్లిదండ్రులకు పరాయి మాట కాదు.

జ్డార్స్కీ కడపటి దినములను హాబెర్న్‌రైట్ కొండపొలముననే గడపెను. ముసలితనమునను చేతిపనులు మానలేదు. తోట పెంచుచు, వ్రాయుచు, వెదకికొని వచ్చిన శిష్యులతో ముచ్చటించుచు నుండెను. ఆతనితో పూర్వము కలహించినవారు సయితము గురువని యొప్పుకొనిరి. ఒంటిదండము పద్ధతి క్రమముగ మాసిపోయి, రెండు కఱ్ఱలు పట్టు పద్ధతి లోకమంతటను వ్యాపించెను. తన విద్యలో నొక భాగము తన కన్నులయెదుటనే పాతపడుట జూచెను. మడమను గట్టిగ బట్టు కట్టును, పొట్టిచెక్కలును, అంచుతో నాగు నేర్పును మాత్రము నిలిచినవి. 1940వ సంవత్సరము జూన్ 20వ తేదిని సాంక్ట్ పోల్టెన్ పట్టణమున, ఎనుబదినాలుగేండ్ల వయసున మరణించెను. అప్పటికి ఆల్ప్సు వాలులపై మంచు కరగి, మేకలు పశువులు మేతకు పైకెక్కియుండెను.